రేవు లేని తీరాన వెలసిన పట్నం

చెన్నపట్నం చరిత్ర రాసేవారు 1639 ఆగస్టు 22తో మొదలుపెట్టడం ఆనవాయితీ. దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు సముద్రపుటొడ్డున కొంత ఇసుక నేలను ఇచ్చి, అక్కడ కోట కట్టుకోవడానికి అనుమతించిన రోజుగా దాన్ని పరిగణిస్తున్నారు. ఏటా ఆగస్టులో ఈ ఊళ్ళో మద్రాసు దినోత్సవం జరిగేది కూడా అందుకే. ఆ తేదీకంటే ఆ చోటు నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఓడలు తలదాచుకోవడానికి అక్కడ అఖాతం లేదు. తీరం ఎక్కడా లోపలికి వంగకుండా సూటిగా సాగుతుంది, అలలు నేరుగా వచ్చి ఇసుకమీద విరుచుకుపడతాయి, ఆశ్వయుజ కార్తీక మాసాల్లో తుపానుల భయం ఉంటుంది. పక్కనే ఉన్న కూవం నది ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేసి చాలా నెలలు మూసుకుపోయేది కాబట్టి, దాని మీదుగా లోపలి ఊళ్ళకు సరుకు చేరవేసే వీలు లేకపోయింది. తాగునీటికి కూడా ఇబ్బందే. 1772 నాటికి పట్నం ఉత్తర భాగంలో తవ్విన ఏడు బావుల నుంచి కోటకు నీళ్ళు తెచ్చుకోవలసి వచ్చింది. రేవూ, పడవలు సాగే నదీ, చాలినంత నీరూ లేని చోట ఇంత నగరం నిలబడిందంటే, ఆ కొరతలను తీర్చినవారు ఎవరో, వారు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. ఆ ఆరా తీస్తూ పోతే మాటిమాటికీ ఉత్తరపు తీరమే, అంటే నెల్లూరు, ఒంగోలు, మచిలీపట్నం దిక్కే ఎదురవుతుంది.

కంపెనీవారు ఈ తీరంలో మొదట నిలదొక్కుకున్నది 1611లో, మచిలీపట్నంలో. అక్కడ గోల్కొండ అధికారుల వసూళ్ళు, డచ్చివారి పోటీ పడలేక 1626లో నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో మరో స్థావరం పెట్టుకున్నారు గానీ, అక్కడ వారికి కావలసిన రకం గుడ్డ తగినంతగా దొరకలేదు. వారి వ్యాపారానికి ప్రాణం గుడ్డే. జావా, సుమత్రా దీవుల్లో మిరియాలు, సుగంధద్రవ్యాలు కొనాలంటే ఈ తీరపు అద్దకం బట్టలు పట్టుకుపోవాలి. అక్కడివారు వాటికే ఎక్కువ మోజు పడేవారు. డే మరింత దక్షిణానికి వచ్చి చూసినప్పుడు, శాంథోమ్‌లోని పోర్చుగీసువారికి కొంచెం ఉత్తరంగా ఉన్న ఈ ఇసుక నేల చుట్టుపక్కల మంచి గుడ్డ చవకగా దొరికింది. విజయనగర ప్రభువులు చంద్రగిరి, వెల్లూరులకు పరిమితమైపోయిన రోజులవి. వెంకటాద్రి వందవాసిలోను, ఆయన తమ్ముడు అయ్యప్ప పూనమల్లిలోను ఉండి ఈ ప్రాంతాన్ని చూసుకునేవారు. వ్యాపారం పెరిగితే సుంకం పెరుగుతుందన్నది వారి ఆశ. కోట పక్కన ఏర్పడిన కొత్త పేటకు వారి తండ్రి చెన్నప్ప పేరు పెట్టారు. 1645లో విజయనగర ప్రభువు శ్రీరంగరాయలు ఆ దానాన్ని ధ్రువపరిచాడు. కంపెనీవారి తరఫున బేరాలు సాగించిన దుబాసి (రెండు భాషలు తెలిసిన మధ్యవర్తి) బేరి తిమ్మన్న కూడా తెలుగువాడే. ఆయన పేరు 17వ శతాబ్దం మధ్యలో ఇక్కడి చెన్నకేశవస్వామి గుడికి సంబంధించిన దానపత్రంలో కనిపిస్తుంది.

కోట కట్టడం ఎంత ముఖ్యమో, దాని చుట్టూ నేతగాళ్ళను రప్పించి నిలపడం కంపెనీకి అంతే ముఖ్యం. తెలుగు మాట్లాడే దేవాంగులు, పద్మశాలీలు, తమిళులైన కైకోళులు, అద్దకం పనివారు, నూలు వడికేవారు, బట్టను ఉతికి చలువ చేసేవారు తండోపతండాలుగా వచ్చారు. చలువ పనివారు ఉన్న చోటు ఈనాటికీ వాషర్‌మన్‌పేటగా మిగిలింది. 1717 నుంచి 1720 వరకు గవర్నరుగా ఉన్న జోసెఫ్ కోలెట్ తిరువొత్తియూరు దగ్గర నేతగాళ్ళకు ఒక ఊరు కట్టించాడు, కాలడిపేట అదే. 1734లో జార్జ్ మార్టన్ పిట్ కాలంలో కూవం వంపులో, ఒకప్పుడు కంపెనీకి పెద్ద వర్తకుడిగా ఉన్న సుంకురామచెట్టి తోట ఉన్న నేలలో, చింతాద్రిపేట వెలిసింది. అక్కడికి వచ్చి మగ్గం పెట్టుకున్నవారికి ఇళ్ళు కట్టుకోవడానికి సాయం చేశారు. ఈ వలసలన్నీ సుఖంగా జరిగాయని నేను అనుకోను. కుడిచేతి, ఎడమచేతి కులాలని రెండు పక్షాలుగా చీలినవారి మధ్య వచ్చిన తగాదాలు పెళ్ళి ఊరేగింపు ఏ వీధిలో నడవాలి అన్నదాని దగ్గర రాజుకుని పట్నమంతా దుకాణాలు మూసేదాకా వెళ్ళేవి. 1707లో థామస్ పిట్ గవర్నరుగా ఉండగా జరిగిన గొడవ తర్వాత రెండు పక్షాలకూ వీధులను విడదీసి ఇవ్వవలసి వచ్చింది. తెల్లవారు ఉండే కోట లోపలి భాగాన్ని వైట్ టౌన్ అనీ, వీరంతా ఉండే భాగాన్ని బ్లాక్ టౌన్ అనీ పిలిచారు. గుడ్డ నేసినవారూ, దాన్ని కొని ఓడలకు చేర్చినవారూ ఈ రెండో పట్నంలోనే ఉండేవారు. నగరపు సంపద పుట్టింది వారి చేతుల్లో కాగా, దాని లెక్క తేలింది మాత్రం కోట గోడల లోపల.

ఆ మొదటి బ్లాక్ టౌన్ ఇప్పుడు లేదు. 1746 సెప్టెంబరులో ఫ్రెంచి సేనాని లా బూర్దొనే కోటను పట్టుకున్నాడు. మరుసటి నెలలో వచ్చిన తుపాను అతని ఓడలను చిందరవందర చేసింది. రేవు లేని తీరం గెలిచినవాడినీ వదలలేదు. సంధి షరతుల ప్రకారం 1749లో ఇంగ్లీషువారికి పట్నం తిరిగి దక్కింది. కోట గోడలకు ఆనుకుని ఇళ్ళుంటే శత్రువు వాటి చాటు నుంచి కాల్పులు జరపగలడని తేలింది కాబట్టి, ఆ తర్వాత సంవత్సరాల్లో కోట ముందరి పట్నాన్ని పూర్తిగా నేలమట్టం చేశారు. ఇళ్ళతోపాటు చెన్నకేశవస్వామి గుడి కూడా పోయింది. అనంతరం కొత్త పట్నంలో, ఇప్పటి పూల బజారు దగ్గర, చెన్నకేశవ, చెన్నమల్లేశ్వర ఆలయాలు పక్కపక్కన తిరిగి లేచాయి. ఖాళీ చేసిన మైదానంలో ఎవరూ మళ్ళీ ఇల్లు కట్టకుండా 1773లో హద్దు స్తంభాలు పాతారు. వాటిలో మిగిలిన ఒకటి ప్యారీస్ కార్నర్‌లోని డేర్ హౌస్ ఆవరణలో ఉంది. ఆ మైదానంలోనే 1892లో హైకోర్టు భవనం వచ్చింది. ఆ ఎర్ర గుమ్మటాలను మెచ్చుకునేటప్పుడు, వాటి కింద ఒక ఊరు ఉండేదని కూడా గుర్తుంచుకోవాలని నా ఉద్దేశం.

రెండు శతాబ్దాలకు పైగా ఈ పట్నానికి వచ్చిన ప్రతి మనిషీ, ప్రతి మూటా మసూలా పడవలోనే ఒడ్డు చేరింది. ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. మేకులు లేకుండా, పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టి తయారు చేసే ఆ పడవలు అలల దెబ్బకు వంగేవే గాని పగిలేవి కావు. చెక్క బిగువుగా ఉండే ఐరోపా పడవలు అదే అలల్లో ముక్కలయ్యేవి. ఆ పడవలు నడిపిన బెస్తవారి నైపుణ్యం మీదే కంపెనీ వాణిజ్యమంతా ఆధారపడింది. 1861లో సముద్రంలోకి ఇనుప స్తంభాలమీద ఒక వారధి కట్టారు. 1875లో వేల్సు యువరాజు చేత ఓడరేవుకు శంకుస్థాపన చేయించి రెండు రాతి చేతులు కట్టుకుంటూ వచ్చారు. అవి పూర్తి కావచ్చిన దశలో 1881 నవంబరు తుపాను వాటిని ధ్వంసం చేసింది. పట్టు విడవకుండా మళ్ళీ కట్టారు. 1904లో బాధ్యత తీసుకున్న ఫ్రాన్సిస్ స్ప్రింగ్ రేవు ద్వారాన్ని తూర్పు నుంచి ఈశాన్యానికి మళ్ళించి, ఇసుక లోపలికి రాకుండా చేశాకే అది నిజమైన రేవైంది.

ఈ కట్టడం తీరాన్నే మార్చివేసింది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతుంటాయి. రేవు గోడలు ఆ ఇసుకకు అడ్డుపడ్డాయి కాబట్టి దక్షిణం వైపు ఏటేటా మేట వేసింది. మెరీనా అంత వెడల్పు కావడానికి ముఖ్య కారణం ఇదే. ఒకప్పుడు అలలు తాకిన సెయింట్ జార్జి కోటకూ సముద్రానికీ మధ్య ఇప్పుడు రోడ్డు, రేవు నేల ఉన్నాయి. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు రావలసిన ఇసుక రాలేదు. అక్కడ సముద్రం ఒడ్డును కోసుకుంటూ బెస్తవారి వీధులను మింగింది, ఇప్పటికీ బండరాళ్ళు పోసి ఆపుతున్నారు. దక్షిణ నగరవాసులకు దక్కిన విశాలమైన ఇసుక తీరానికి మూల్యం ఉత్తర చెన్నై చెల్లించిందన్నమాట, ఈ విషయం మెరీనా అందాన్ని గురించి రాసేవారు చెప్పగా నేను చాలా అరుదుగా చదివాను.

ఓడరేవుకంటే ముందే ఈ నగరానికి బియ్యం, కట్టెలు అందించిన జలమార్గం ఒకటుంది. దాని చరిత్ర నాకు అన్నిటికంటే దగ్గరగా తోస్తుంది. తీరానికి సమాంతరంగా ఉప్పుటేళ్ళు, వెనుకజలాలు వరుసగా ఉండడం చూసి, వాటిని కలుపుతూ 1806 నాటికి బేసిల్ కాక్రేన్ అనే వర్తకుడు మద్రాసు నుంచి ఎన్నూరు దాకా కాలువ తవ్వించాడు. తర్వాత ప్రభుత్వం దాన్ని తీసుకుని పులికాటు మీదుగా ఉత్తరానికి అంచెలంచెలుగా పొడిగిస్తూ పెదగంజాం దాకా చేర్చింది. అక్కడ అది కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. అంటే కాకినాడలో ఎక్కించిన సరుకు గోదావరి, కృష్ణ కాలువల మీదుగా, సముద్రంలోకి అడుగుపెట్టకుండానే మద్రాసులో దిగగలిగేది. పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. నగరం నడుమ కూవం, అడయారు నదులను కలిపే ముక్క 1876–78 నాటి మహా కరువులో తవ్వారు. తిండి లేక పట్నానికి చేరిన జనం కూలికి మట్టి మోసి తవ్విన కాలువ అది. దానికి పేరు మాత్రం అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువుది పడింది.

నెల్లూరు బియ్యం, శ్రీహరికోట అడవుల కట్టెలు, సరుగుడు మోపులు, ఉప్పు, సున్నానికి గవ్వలు, ఎండుచేపలు ఈ కాలువ మీదే వచ్చేవి. గాలి కలిసివస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే మనుషులు ఒడ్డున నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. మా పెద్దవాళ్ళు నెల్లూరు తీరం వారు కావడం వల్ల, లాకుల దగ్గర నీటి మట్టం సరిపోయేదాకా పడవలు బారులు తీరి ఆగేవని, ఆ ఒడ్డునే పొయ్యి పెట్టి వండుకునేవారని వారు చెప్పగా విన్నాను. నగరంలో ఆ పడవలు ఆగేది బేసిన్ బ్రిడ్జి దగ్గర. సరుకు దించే నీటి మడుగు వల్లనే ఆ వంతెనకు ఆ పేరు. మద్రాసులో పొయ్యి వెలగాలన్నా, అన్నం ఉడకాలన్నా ఆ పడవ రావలసిన రోజులు చాలా కాలం ఉన్నాయి. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణాదిలో మొదటి రైలు నడిచింది. ఆ శతాబ్దం చివరికి బెజవాడ వైపు రైలు దారి పడ్డాక కాలువ ప్రాధాన్యం తగ్గుతూ వచ్చింది. 1960లలోను, 1970లలోను వచ్చిన తుపానులు గట్లను, లాకులను పాడుచేశాక పడవలు నిలిచిపోయాయి.

కాలువ వెంట వచ్చింది సరుకు మాత్రమే కాదు. చదువుకోసం, అచ్చుకోసం, కచేరీ పనులకోసం వచ్చిన తెలుగువారికి 19వ శతాబ్దపు మద్రాసే విద్యాకేంద్రమైంది. 1812లో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాలలో కంపెనీ ఉద్యోగులకు తెలుగు నేర్పేవారు, సి.పి. బ్రౌన్ 1817లో అక్కడికే వచ్చాడు. ఆయన సేకరించిన తెలుగు ప్రతులు, కల్నల్ మెకంజీ కోసం ఏలూరు కావలి సోదరులు ఊరూరా తిరిగి పోగుచేసిన కైఫీయతులు, అంటే ఊళ్ళ స్థానిక చరిత్రలు, ఈ నగరంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. వావిళ్ళవారి ముద్రాక్షరశాల 1854లో మొదలై తెలుగు కావ్యాలను ఇంటింటికీ చేర్చింది. 1914లో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను బొంబాయి నుంచి ఇక్కడికి తెచ్చి దినపత్రిక చేశారు. పాత తెలుగు పుస్తకం ఏది తెరిచినా ముఖపత్రం మీద 'చెన్నపురి' కనిపించడం ఇందువల్లనే.

20వ శతాబ్దంలో నగరం పడమటికి, దక్షిణానికి విస్తరించింది. దేవాంగుల కుటుంబంలో పుట్టి, నేత వ్యాపారం నుంచి వచ్చిన పిట్టి త్యాగరాయచెట్టి 1920లో కార్పొరేషన్‌కు తొలి భారతీయ అధ్యక్షుడయ్యాడు. మైలాపూరు దగ్గరి పెద్ద చెరువును పూడ్చి 1920లలో వేసిన పేటకు ఆయన పేరే పెట్టారు, అదే త్యాగరాయనగరం. దాని నడుమ తోటకు 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రిగా ఉన్న పానగల్లు రాజా పేరు. చేతిమగ్గం గుడ్డ ఎగుమతి అంతకు చాలా ముందే ఇంగ్లండు మిల్లుల దెబ్బకు కుప్పకూలింది, నేతగాళ్ళ మనుమలు, మునిమనుమలు పెరంబూరులోని బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల్లో కూలీలయ్యారు. వారికోసం 1918లో ఏర్పడిన మద్రాస్ లేబర్ యూనియన్ దేశంలోని తొలి కార్మిక సంఘాల్లో ఒకటి. 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున ప్యారీస్ కార్నర్ దగ్గర తుపాకులకు ఎదురుగా టంగుటూరి ప్రకాశం రొమ్ము విప్పి నిలబడ్డారు. సినిమా గురించి అందరికీ తెలుసు. కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లో దశాబ్దాలపాటు తయారైన తెలుగు చిత్రసీమ నెమ్మదిగా హైదరాబాదుకు తరలిపోయింది.

1937 నవంబరు 16న నాగేశ్వరరావుగారి మైలాపూరు ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి సంఘం మద్రాసు నగరం మీద హక్కు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చునని చెప్పింది. 'మద్రాసు మనదే' అన్న నినాదం అప్పటికే తెలుగు జిల్లాలంతటా మోగుతోంది. 1952 అక్టోబరు 19న రాయపేట హైరోడ్డులోని బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు దీక్షకు కూర్చుని డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, నగరం తమిళులకు మిగిలింది. ఈనాటికీ మనవాళ్ళలో కొందరు ఈ ఊరి ప్రస్తావన వస్తే 'పోగొట్టుకున్నాం' అని బాధపడతారు. ఆ బాధను నేను తక్కువ చేయను, శ్రీరాములుగారి స్మారక భవనం ముందు నేను ఎప్పుడూ తలవంచే నిలబడతాను. కానీ నగరంలో ఎక్కువమందీ, దాని చుట్టూ ఉన్న ఊళ్ళలో ఎక్కువమందీ తమిళులు. భాషను బట్టి రాష్ట్రాలు కావాలని కోరినవారు ఆ సూత్రం ఇచ్చిన ఫలితాన్నీ ఒప్పుకోవాలి. పైగా గీత గీసినంత మాత్రాన ఈ నగరానికి ఉత్తరపు తీరంతో ఉన్న అవసరం తీరలేదు.

నీటి విషయమే చూడండి. 1944లో కొసస్తలై ఏటి మీద కట్టిన పూండి జలాశయానికి నగరి ఏరు చిత్తూరు కొండల నుంచి వచ్చి కలుస్తుంది. నగరం పెరిగేకొద్దీ అది చాలలేదు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కృష్ణలో తమ వాటా నుంచి తలా 5 టీఎంసీలు, మొత్తం 15 టీఎంసీలు మద్రాసు దాహానికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. దారిలో ఆవిరి, ఇంకుడు పోగా సరిహద్దుకు చేరవలసింది 12 టీఎంసీలు. 1983లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో తెలుగుగంగ పని మొదలైంది. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంగారిమఠం, సోమశిల, కండలేరు మీదుగా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా నడిచి కృష్ణ నీరు 1996లో పూండి చేరింది. కాలువ గట్లు జారి నీరు సగంలోనే పోతుంటే 2002 తర్వాత సత్యసాయి ట్రస్టు కండలేరు కాలువకు లైనింగు చేయించింది. నగరానికి చెన్నై అని అధికారికంగా పేరు మారినది కూడా ఆ 1996లోనే. జార్జిటౌన్‌లో కన్యకాపరమేశ్వరి దేవస్థానం నేల మీద తరాలుగా నడిచిన కొత్వాల్‌చావడి కూరగాయల మార్కెట్టు కోయంబేడుకు తరలినది కూడా ఆ ఏడాదే.

ఆ తర్వాతి నగరం కార్లు తయారుచేసే శ్రీపెరుంబుదూరుదీ, కంప్యూటరు కొలువుల పాత మహాబలిపురం రోడ్డుదీ. ఉద్యోగాలకు వచ్చే తెలుగు యువత ఇప్పుడు ఎక్కువగా ఉండేది ఆ రోడ్డు చుట్టుపక్కలే, ఆ రోడ్డు పక్కనే బకింగ్‌హామ్ కాలువ దక్షిణ భాగం ప్రవహిస్తుంది. నగరం నడుమ 1995 నుంచి నడుస్తున్న ఎత్తు రైలు మార్గపు స్తంభాలను కాలువలోనే పాతారు. దానివల్ల నీరు పారే వెడల్పు తగ్గింది. 2004 సునామీలో ఉత్తరపు తీరాన ఇదే కాలువ ఉప్పెన నీటిని చాలావరకు తనలో ఇముడ్చుకుని వెనుక ఊళ్ళను కాపాడింది. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు నీరు సముద్రానికి పోయే దారులన్నీ ఇరుకై ఉన్నాయి. 2019 వేసవిలో జలాశయాలు ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైలులో నీళ్ళు తెచ్చుకోవలసి వచ్చింది. వరద, కరువు రెండింటికీ ఈ కాలువలు, చెరువులు పనికొస్తాయని తెలిసికూడా వాటిని మురుగుకు వదిలేయడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ దారిని జాతీయ జలమార్గంగా ప్రకటించారు. నగరంలో పడవలు మళ్ళీ తిరగడం స్తంభాల మూలాన కష్టమే కావచ్చు, కాని పూడిక తీసి నీరు పారనివ్వడం కష్టం కాదు.

కాలువ మీద పడవలు నడిపినవారి మాటలు ఎవరూ పూర్తిగా సేకరించినట్టు కనిపించదు, ఆ తరంవారు చాలామంది ఎనభై దాటారు. మీ ఇళ్ళలో గాని, నెల్లూరు, ఒంగోలు, పులికాటు వైపు మీ బంధువుల్లో గాని సరంగులుగా, పడవ లాగే కూలీలుగా, లాకు కాపలాదారులుగా, కట్టెల వర్తకులుగా పనిచేసినవారు ఉంటే, ఏ ఊళ్ళో సరుకు ఎక్కించేవారు, బేసిన్ బ్రిడ్జికి ఎన్ని రోజుల్లో చేరేవారు, కిరాయి ఎంత ముట్టేది, తిరుగు ప్రయాణంలో పట్నం నుంచి ఏమి తెచ్చుకునేవారు అన్నవి ఈ సెలవుల్లోనే అడిగి, వారి గొంతుతోనే రికార్డు చేసి ఉంచండి.